పుస్తకం తెరిచే ముందు

చిలకలూరిపేట,
నవంబరు 2025

చిరంజీవి బుజ్జికి,

మొంథా తుఫాను వానలకు చేలో విచ్చిన పత్తి తడిసిపోయింది. ఉన్నది తీయించడానికి మీ మామయ్య కూలీల కోసం తిరుగుతున్నాడు. మిరప మాత్రం నిలబడే ఉంది. నీకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చి పర్చూరు దగ్గర హైస్కూల్లో ఇంగ్లిష్ టీచరుగా చేరావని విన్న రోజు నుంచీ రాయాలనుకుంటూనే ఉన్నాను. మొన్న ఫోన్లో నువ్వు అడిగిన సంగతి రెండు మాటల్లో తేలేది కాదు. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను.

పుస్తకం తెరిస్తే పిల్లలు తలలు దించుకుంటున్నారని చెప్పావు. పుస్తకం మూసి నిన్న ఏం చేశారని అడిగితే మాత్రం వచ్చీరాని ఇంగ్లిష్‌లోనే పోటీపడి చెబుతున్నారన్నావు. అలాగని పుస్తకాన్ని పక్కన పెడితే సిలబస్ ఎట్లా, పరీక్ష ఎట్లా అని నీ బెంగ. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఒకరు పిల్లల మాటే పాఠం అన్నారు, హెచ్ఎం గారు ఏ యూనిట్ దాకా వచ్చారని అడిగారు, ఎవరి మాట వినాలో తెలియడం లేదని వాపోయావు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పుస్తకాన్ని వదలకు, పిల్లల మాటనూ వదలకు. అలాగని చెరి సగం టైము ఇమ్మని చెప్పను. చూసుకోవాల్సింది వరుస. ముందు పిల్లల మాట రావాలి. ఆ మాట ఎక్కడ తడబడిందో అక్కడికి పుస్తకం రావాలి. పుస్తకం ఇచ్చినదాన్ని పట్టుకుని పిల్లలు మళ్లీ తమ సంగతికే వెళ్లాలి. చెప్పాలని మనసులో ఉండి మాట దొరక్క పిల్ల తడుముకుంటుంది చూడు, అప్పుడు నువ్వు అందించిన వాక్యం ఆమెకు ఉండిపోతుంది. ఆ అవసరం పుట్టకముందే బోర్డు మీద రాసిన వాక్యం నోట్సులోకి పోతుంది గానీ నోట్లోకి రాదు.

పదో తరగతి 'ఫస్ట్ ఫ్లైట్'లో మొదటి పాఠం 'ఎ లెటర్ టు గాడ్' తీసుకో. మెక్సికో రచయిత గ్రెగోరియో లోపెజ్ ఇ ఫ్యుయెంటెస్ కథ అది. లెంచో అనే రైతు పంట వడగళ్ల వానకు నాశనమవుతుంది. అతను వంద పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్టాఫీసు వాళ్లు జాలిపడి తలా కొంత వేసి డెబ్బై పోగుచేసి పంపుతారు. మిగతా ముప్ఫై ఆ పోస్టాఫీసు వాళ్లే కొట్టేసి ఉంటారని లెంచో మళ్లీ దేవుడికే రాస్తాడు. పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చిన 2024-25లో, రిటైరయ్యే ముందు, ఆ పాఠం చెప్పే అవకాశం నాకూ దక్కింది. దాన్ని మామూలుగా ఎలా చెబుతారో నీకు తెలుసు. ముందు రచయిత పరిచయం, తర్వాత కఠిన పదాలకు అర్థాలు, పేరా పేరాకూ తెలుగులో వివరణ, చివర ప్రశ్నలకు బోర్డు మీద జవాబులు. అలా చెబితే యూనిట్ వారంలో అయిపోతుంది. లెంచో మాత్రం మెక్సికోలోనే ఉండిపోతాడు.

మన పిల్లలకు లెంచోను కొత్తగా పరిచయం చెయ్యాల్సిన పనే లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే కదా తీరం దాటింది. కోసిన వరి పనలు నీళ్లలో తేలాయి. మిరప, పొగాకు చేలల్లో నీళ్లు నిలిచాయి. 2024 జూన్‌లో పదో తరగతి బెంచీల మీద కూర్చున్న పిల్లలు ఆ తుఫాను నాడు తొమ్మిదిలో ఉన్నారు. పుస్తకం తీయమని చెప్పకుండా, మిచాంగ్ వచ్చిన మర్నాడు చేలో ఏం కనబడిందని ఇంగ్లిష్‌లో అడిగాను. కాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత వెనక బెంచీ కుర్రాడు లేచి, "మేడమ్, హోల్ నైట్ రెయిన్ కమింగ్. మార్నింగ్ మై ఫాదర్ అండ్ మీ వెంట్. మిర్చి ప్లాంట్స్ ఆల్ స్లీపింగ్" అన్నాడు. మొక్కలన్నీ పడుకున్నాయట. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. అందరి చేలల్లోనూ మొక్కలు అలాగే పడుకున్నాయి కదా.

ఆ మాటను అతను అన్నది అన్నట్టే బోర్డు మీద రాశాను. తప్పు అనలేదు. మొక్కలు పడుకున్నాయన్న మాట బాగుంది, అది ఉంచుదాం, మిగతాది అందరం కలిసి చూద్దాం అన్నాను. రాత్రంతా వాన అంటే 'ఇట్ రెయిన్డ్ ఆల్ నైట్' అని ముందు బెంచీ అమ్మాయి అందించింది. 'మై ఫాదర్ అండ్ ఐ వెంట్ టు ది ఫీల్డ్ ఇన్ ది మార్నింగ్' దగ్గర 'మీ' తీసి 'ఐ' పెట్టడానికి కాస్త తర్జనభర్జన జరిగింది. చివరి వాక్యానికి మాత్రం నేనే సాయం చేశాను: 'ది చిల్లీ ప్లాంట్స్ వర్ లయింగ్ ఫ్లాట్, యాజ్ ఇఫ్ దే వర్ స్లీపింగ్.' ఆ 'యాజ్ ఇఫ్' అన్న ముక్కను వ్యాకరణం పేజీలో నేర్పబోతే నెల పట్టినా ఎక్కదు. ఆ కుర్రాడికి అది ఆ నిమిషాన కావాల్సి వచ్చింది, తీసుకున్నాడు. వాడి తర్వాత ఒక అమ్మాయి లేచి, "అవర్ ల్యాండ్ నాట్ అవర్స్ మేడమ్, కౌలు. క్రాప్ గాన్, బట్ మనీ గివ్" అంది. పంట పోయినా కౌలు కట్టాల్సి వచ్చిందని ఆమె చెప్పదలచింది. 'ది ల్యాండ్ ఈజ్ నాట్ అవర్స్. వి హ్యాడ్ టు పే ది రెంట్ ఈవెన్ ఆఫ్టర్ వి లాస్ట్ ది క్రాప్' అని అందరం కలిసి కూర్చాం. 'హ్యాడ్ టు' అనే మాటలోని బరువు ఆ పిల్లకు నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

మర్నాడు పుస్తకం తెరిచాం. చదవమని ఎవర్నీ బతిమాలలేదు. మొదట వాన పడుతుంటే లెంచో సంతోషపడి చినుకుల్ని నాణేలతో పోల్చే చోట, వాన ఎప్పుడు మంచిదో ఎప్పుడు చెడ్డదో పిల్లలు నాకే చెప్పారు. పుస్తకంలోని వాక్యాల్లో తమ చేనుకు పనికొచ్చేవి కింద గీత గీసుకోమన్నాను. ఆ తర్వాత, లెంచో దేవుడికి రాశాడు, మీరైతే ఎవరికి రాస్తారని అడిగాను. కలెక్టరుకని ఒకరు, వ్యవసాయాధికారికని ఒకరు, అప్పు గడువు పెంచమని షావుకారుకని ఇంకొకరు అన్నారు. దుబాయ్‌లో ఉన్న బాబాయికి రాస్తానన్నాడు ఒక పిల్లవాడు. పై చిరునామా ఎక్కడ, తేదీ ఎక్కడ, సంబోధన ఎలా, ముగింపు ఎలా అన్నవి పుస్తకంలోంచే తీసుకున్నారు. లోపలి విషయం వాళ్లది. పరీక్షలో వచ్చే ఉత్తరం ప్రశ్నకు ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు.

ఇందులో పుస్తకం ఎక్కడా ఓడిపోలేదు. పైగా పుస్తకానికి పనిపడింది.

ఇక రోజువారీ సంగతి. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు పిల్లల మాటకు వదులు. బోర్డుకు ఒక పక్క గీత గీసి మూడో వంతు వాళ్ల వాక్యాలకే ఉంచు. అన్నది అన్నట్టు రాయి, పేరు మాత్రం రాయకు. ఒక రోజుకు రెండు మూడు వాక్యాలు చాలు. ప్రతి తప్పునూ సరిచేయబోకు. మన తెలుగు పిల్లలందరికీ ఉమ్మడిగా ఉండే తప్పు ఏదో ఒకటి ఎంచుకో. తెలుగులో 'ఎ', 'ది' లాంటివి లేవు కాబట్టి వాటిని మింగేస్తారు. క్రియను వాక్యం చివరకు నెడతారు. 'డిడ్ నాట్ వెంట్' అంటారు. ఈ రోజు 'ది' ఒక్కదాని సంగతి చూశావనుకో, మిగతావి ఇంకో రోజు చూడొచ్చు. అన్నీ ఒకేసారి దిద్దితే రేపటి నుంచి ఎవరూ నోరు విప్పరు.

కల్లం, తాలు, టిక్కీ (మిరప బస్తా), కౌలు లాంటి మాటలు వాళ్ల ఇంగ్లిష్‌లోకి వస్తే రానియ్యి. వాక్యం ఇంగ్లిష్‌దైతే చాలు.

నువ్వు ఒక నోటు పుస్తకం పెట్టుకో. పేజీని మూడు భాగాలు చెయ్యి. మొదటిదాంట్లో పిల్లలు అన్నది, రెండోదాంట్లో క్లాసులో సరిచేసినది, మూడోదాంట్లో అది పాఠ్యపుస్తకంలో ఏ యూనిట్లో, ఏ పేజీలో వస్తుందో రాయి. ఈ మూడో భాగమే నీకు అన్నం పెట్టేది. ముందు అది ఖాళీగా కనబడుతుంది. నెల తిరిగేసరికి పిల్లల మాటల్లో పుస్తకంలోని వ్యాకరణం దాదాపు అంతా వచ్చిందని నీకే తెలుస్తుంది, వచ్చిన వరుస మాత్రం వేరుగా ఉంటుంది. రానిది ఏదో కూడా తెలుస్తుంది. అది మాత్రం నువ్వు పుస్తకంలోంచి తీసుకెళ్లి చెప్పాలి. శుక్రవారం నాడు ఆ వారం సరిచేసిన వాక్యాల్లో కొన్ని డిక్టేషన్ చెప్పు. తమ మాట మేడమ్ నోట వినబడుతుంటే ఎంత శ్రద్ధగా రాస్తారో నువ్వే చూస్తావు.

జనవరి చివర్లో నీకు అసలు పరీక్ష వస్తుంది. మిరపకోతలు మొదలైతే క్లాసు సగానికి పడిపోతుంది. మార్కాపురం, కనిగిరి వైపు నుంచి కోతలకు వచ్చే కుటుంబాల పిల్లలు మీ ఊళ్లోనూ కనబడతారు, మీ పిల్లలు కొందరు వేరే ఊళ్లకు వెళతారు. తిరిగొచ్చిన పిల్లకు పుస్తకంలో పోయిన పాఠాలన్నీ అప్పుల్లా కనబడతాయి. ఆ పిల్లను వెనకబడినదిగా కూర్చోబెట్టకు. కోతల సంగతి తెలిసిన మనిషిగా ముందుకు పిలువు. 'ఫస్ట్ ఫ్లైట్'లోనే 'గ్లింప్సెస్ ఆఫ్ ఇండియా' అని ఒక పాఠం ఉంది. గోవా రొట్టెల వాళ్లు, కూర్గు, అస్సాం టీ తోటలు అని మూడు ముక్కలు. టీ తోటల భాగం చదివించిన తర్వాత 'చిల్లీస్ ఫ్రమ్ గుంటూరు' అని నాలుగో ముక్క వాళ్లచేత రాయించు. అస్సాం పాఠం చూసి వాక్యం ఎలా నడపాలో నేర్చుకుంటారు, విషయం కోతల నుంచి వచ్చిన పిల్లలు చెబుతారు.

అక్కడే ప్యాసివ్ వాయిస్ దానంతట అదే వస్తుంది. 'రామా కిల్డ్ రావణా'ను తిప్పి రాయించడంలో పిల్లలకు ఆటే తప్ప అర్థం కనబడదు. మిరప సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఎవరు కోశారు, ఎవరు ఆరబోశారు అన్నది పక్కకు పోతుంది, కాయకు ఏమవుతుందో అదే ముఖ్యమవుతుంది. 'ది చిల్లీస్ ఆర్ పిక్డ్ బై హ్యాండ్. దే ఆర్ స్ప్రెడ్ ఆన్ ది కల్లం అండ్ డ్రైడ్ ఇన్ ది సన్. ది తాలు ఆర్ సెపరేటెడ్. ది గుడ్ చిల్లీస్ ఆర్ ప్యాక్డ్ అండ్ టేకెన్ టు ది గుంటూరు యార్డ్. ఇఫ్ ది ప్రైస్ ఈజ్ లో, దే ఆర్ కెప్ట్ ఇన్ ఎ కోల్డ్ స్టోరేజ్.' ఈ అయిదు వాక్యాలు పిల్లల నోటి నుంచి 'వి పిక్, వి డ్రై' అనే రూపంలో వస్తాయి. అక్కడ ఆగి, పుస్తకంలో ప్యాసివ్ పేజీ తెరిపించు. నియమం ఎందుకు పుట్టిందో ముందే తెలిసిన పిల్లకు నియమం భారం కాదు. ఇంగ్లిష్ పేపర్లో గుంటూరు మిర్చి యార్డు ధరల వార్త వస్తుంది, దాన్ని కత్తిరించి ఉంచు. తేజ రకం మిరప ఎంత పలికిందో చదవడానికి ఏ పిల్లా గైడు అడగదు.

ఇంత చెప్పాక, పుస్తకం అక్కర్లేదనే వాళ్ల మాట కూడా నీకు తెలియాలి. 2000లో స్కాట్ థార్న్‌బరీ అనే ఇంగ్లిష్ టీచర్ ఒక వ్యాసం రాశాడు. పాఠ్యపుస్తకాలు, ఫొటోకాపీలు, క్యాసెట్లు అన్నీ పోగై క్లాసులో మనుషుల మాట వినబడకుండా పోయిందని ఆయన బాధ. డెన్మార్క్ సినిమా దర్శకులు 1995లో హంగులు లేని సినిమా తీస్తామని ప్రకటించిన 'డాగ్మే' అన్న పేరునే ఆయన తన పద్ధతికి పెట్టుకున్నాడు. తర్వాత 2009లో ల్యూక్ మెడింగ్స్‌తో కలిసి 'టీచింగ్ అన్‌ప్లగ్డ్' అనే పుస్తకం రాశాడు. గదిలో ఉన్న మనుషులు, వాళ్లకు చెప్పాలని ఉన్న సంగతులు, ఆ సంగతుల్లోంచి తేలే భాష, ఇవే పాఠం అంటారు ఇద్దరూ. ఆ మాటలో నిజం ఉంది, నేను దాన్నుంచి తీసుకున్నాను కూడా. అయితే ఆ ఆలోచన పుట్టిన క్లాసులు చాలావరకు పెద్దవాళ్లవి. అక్కడ విద్యార్థులు తక్కువ, బయట ఇంగ్లిష్ పుస్తకాలకూ సినిమాలకూ కొదవ లేదు.

మన బడి అలాంటిది కాదు. బడి దాటితే ఇంగ్లిష్ వినబడేది సెల్‌ఫోన్లో తప్ప ఇంకెక్కడ? చాలా ఇళ్లలో ఇంగ్లిష్ అచ్చులో కనబడేది పాఠ్యపుస్తకం ఒక్కటే. అది కూడా లాగేస్తే పిల్లల ఇంగ్లిష్ తమకు అప్పటికే తెలిసిన కాసిన్ని మాటల చుట్టూనే తిరుగుతుంది. చేను, బస్సు, అమ్మ, పరీక్ష, క్రికెట్, అంతటితో ఆగిపోతుంది. మన ఊరు ఎంత ప్రియమైనదైనా పిల్లల్ని ఊరి మాటలకే కట్టెయ్యడం న్యాయం కాదు. అదే 'ఫస్ట్ ఫ్లైట్'లో యాన్ ఫ్రాంక్ డైరీ ఉంది, నెల్సన్ మండేలా ఉన్నాడు. దాక్కున్న ఇంట్లో కూర్చుని తనతో తాను మాట్లాడుకున్న అమ్మాయి గురించి మన పత్తి చేలో ఎవరు చెబుతారు? ఆ పాఠం చదివి మీ క్లాసులో ఒక్క అమ్మాయి ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు డైరీ రాయడం మొదలుపెడితే, ఆ దారి చూపింది పుస్తకమే.

మన దక్షిణాదిలోనే జరిగిన ప్రయోగం ఒకటి ఉంది, దాన్ని తప్పకుండా చదువు. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు, కడలూరు బడుల్లో మామూలు పాఠ్యపుస్తకం, వ్యాకరణ క్రమం పక్కన పెట్టి, పిల్లలకు ఆలోచించాల్సిన పనులు ఇచ్చి ఇంగ్లిష్ నేర్పించారు. రైలు టైమ్‌టేబుల్ చూసి ఏ బండి ఎక్కాలో తేల్చడం, పటం చూసి దారి చెప్పడం లాంటి పనులు అవి. ధ్యాస అంతా అర్థం మీదే, భాష వెంట వస్తుందని ఆయన నమ్మకం. దాన్ని బెంగళూరు ప్రాజెక్టు అంటారు. 1985లో బెరెట్టా, డేవిస్ దాన్ని పరీక్షించి చూశారు. వ్యాకరణ నిర్మాణాలు అడిగిన పరీక్షలో మామూలు పద్ధతి పిల్లలు ముందున్నారు. విని, చదివి అర్థం చేసుకోవడంలో, నేర్చుకున్న భాషను కొత్త చోట వాడటంలో ప్రాజెక్టు పిల్లలు ముందున్నారు. నీకు రెండూ కావాలి కదా, అందుకే చెబుతున్నాను.

ప్రభు గారి దగ్గర ఇంకొక జాగ్రత్త ఉంది. పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి తమలో తాము ఇంగ్లిష్ మాట్లాడుకొమ్మని వదలడానికి ఆయన ఇష్టపడలేదు. ఒకరి తప్పు ఒకరు విని, అదే గట్టిపడిపోతుందని ఆయన భయం. ఆ భయాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. నలభై మంది ఉన్న క్లాసులో గుంపులు లేకుండా అందరికీ మాట్లాడే వంతు ఎప్పుడొస్తుంది? కానీ గుంపులో పుట్టిన మాట చివరకు నీ చెవిన పడాలి, బోర్డు మీదకు రావాలి, పుస్తకంతో పోల్చి చూడాలి. పిల్లల మాటను అలాగే వదిలేసి, ఎంత బాగా మాట్లాడుతున్నారో అని మురిసిపోతే పదేళ్ల తర్వాత కూడా 'ఆల్ స్లీపింగ్' దగ్గరే ఉంటారు. అది ప్రేమ అనిపించుకోదు.

పుస్తకంలోని భాషకూ మనుషుల నోటి భాషకూ మధ్య ఎడం గురించి మన తెలుగువాళ్లకు ఎవరో వచ్చి చెప్పాల్సిన పని లేదు. వందేళ్ల కిందటే ఆ ఎడాన్ని చూసి విజయనగరం, పర్లాకిమిడి వైపు గురజాడ, గిడుగు కదిలారు. స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ వాళ్లకు తోడయ్యారు. గిడుగు రామమూర్తి గారిని మనం వాడుక భాష కోసం తలుచుకుంటాం. నాకు అంతకంటే ఎక్కువ గుర్తొచ్చేది ఆయన సవర పిల్లల కోసం చేసిన పని. సవరల నోటి నుంచే వాళ్ల భాష నేర్చుకుని, ఆ మాటలతోనే వాళ్లకు వాచకాలు తయారుచేశారు. న్యూజిలాండ్‌లో సిల్వియా యాష్టన్-వార్నర్ అనే టీచర్ కూడా మావోరీ పసిపిల్లలను నీకేం మాట కావాలని ఒక్కొక్కరినే అడిగి, ఆ మాటను కార్డు మీద రాసి చదవడం నేర్పింది. ఆ అనుభవాన్ని 'టీచర్' అన్న పుస్తకంగా 1963లో వేసింది. మన రాష్ట్రంలోనే 1980ల్లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ప్రాథమిక విద్యా ప్రాజెక్టు మొదలైంది. చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసిన పనిని గోడ మీద ప్రదర్శించడం దాని సూత్రాల్లోవే. మీ బోయపాలెం డైట్ కాలేజీలో ఆ సూత్రాల గురించి చెప్పే ఉంటారు. నువ్వు చేస్తున్నది కొత్తదీ కాదు, గాలివాటమూ కాదు. ఎవరైనా అడిగితే ఈ పేర్లు ధైర్యంగా చెప్పు.

ఒక విషయంలో మాత్రం నిన్ను గట్టిగా హెచ్చరించాలి. పిల్లల్ని మాట్లాడించడం అంటే వాళ్ల ఇంటి తలుపు తీయడం. మనది పత్తి, మిరప నేల. 1987-88లో తెల్లదోమ దెబ్బకు పత్తి పోయి, మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగిన రోజులు నాకు గుర్తున్నాయి. 2021-22లో నల్ల తామర పురుగు మిరపను తినేసినప్పుడు కూడా ఎన్ని ఇళ్లు కుంగిపోయాయో నువ్వే చూశావు. నీ క్లాసులో తండ్రి లేని పిల్ల ఉండొచ్చు, ఎందుకు లేడో చెప్పలేని పిల్ల ఉండొచ్చు. అందుకని నాన్న ఏం చేస్తారని అందరి ముందూ అడగకు. పోయిన డబ్బు ఎంతని అడగకు. చేలో ఏం కనబడింది, బస్సులో ఏం వినబడింది అని అడుగు. చెప్పాలనుకున్న పిల్ల తానే ఇంటి సంగతికి వస్తుంది, వద్దనుకున్న పిల్ల వాన దగ్గరే ఆగుతుంది. ఎవరైనా కన్నీళ్లతో చెబితే, ఆ మాట బోర్డు ఎక్కకూడదు. దాంట్లో 'ది' లేదని దిద్దకూడదు. విను, పక్కన కూర్చో, ఆ రోజుకు వ్యాకరణం ఆపేసినా నష్టం లేదు. కులం, పేట, పిల్లల మధ్య ఉండే చిన్న చిన్న పగలు కూడా కథల్లో తొంగిచూస్తాయి. ఒకరి మాట ఇంకొకరిని గుచ్చేదైతే అక్కడే మళ్లించు.

ఇక హెచ్ఎం గారి సంగతి. ఆయన అడిగేది అన్యాయం కాదు. డిసెంబరు వస్తే పదో తరగతికి స్లిప్ టెస్టులు, అదనపు క్లాసులు మొదలవుతాయి, జవాబుదారీ ఆయనదే. లెసన్ ప్లాన్‌లో మొదటి పది నిమిషాల పనికి ఏదో ఒక పేరు పెట్టి రాయి, దాని పక్కనే ఆ రోజు యూనిట్‌తో దాని సంబంధం రాయి. నీ నోటు పుస్తకంలోని మూడో భాగం చూపిస్తే సిలబస్ ఎక్కడికి వచ్చిందో ఆయనకే కనబడుతుంది. ఆరు, ఏడు తరగతుల్లో పదిహేను నిమిషాలు తీసుకో, పదో తరగతికి వచ్చేసరికి పది నిమిషాలకు తగ్గించు. ఫిబ్రవరిలో అది అయిదుకు వచ్చినా బాధపడకు, పూర్తిగా మాత్రం ఆపకు. పరీక్షలో ఉత్తరం, డైరీ, వర్ణన, సంభాషణ రాయమంటారు. వాటి రూపం పుస్తకంలో ఉంది. గైడు బట్టీపట్టిన పిల్ల ప్రశ్న కొద్దిగా మారిస్తే ఆగిపోతుంది. తన సంగతి రాయడం అలవాటైన పిల్ల ఆగదు. ఇంగ్లిష్ మీడియం వచ్చాక సైన్సు, సోషల్ మేష్టార్లు కూడా నీ వైపే చూస్తున్నారని చెప్పావు. వాళ్లతో మాట్లాడి వాళ్ల పాఠాల్లోంచి పిల్లలకు కొరుకుడుపడని వాక్యం ఒకటి వారానికి తెప్పించుకో. దాన్ని కూడా బోర్డులో ఆ మూడో వంతులో పెట్టు.

నీ ఇంగ్లిష్ సరిపోదేమోనని భయమన్నావు. పిల్ల ఏదో అంటుంది, దానికి సరైన ఇంగ్లిష్ నాకే తట్టకపోతే ఎలా అని. తట్టకపోతే రేపు చెబుతానని చెప్పు, ఇంటికెళ్లి నిఘంటువు చూసి రా, మర్నాడు తప్పకుండా చెప్పు. మేడమ్ కూడా వెతుక్కుంటుందని తెలిస్తే పిల్లలకు నీ మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు. పిల్లలు అనబోయే మాటలు పత్తి తీతలప్పుడు ఒక రకం, కోతలప్పుడు ఒక రకం, సంక్రాంతి ముందు ఒక రకం. ఏ నెలలో ఏం వస్తాయో ముందే ఊహించి కొన్ని వాక్యాలు సిద్ధం చేసుకో. అది కూడా లెసన్ ప్లానే.

ఈ డిసెంబరు నుంచే ఆ నోటు పుస్తకం మొదలుపెట్టు. మొదట తొమ్మిదో తరగతి ఒక్కదానితో చెయ్యి, పదో తరగతిని సంక్రాంతి దాకా కదిలించకు. సంక్రాంతి సెలవులకు వచ్చేటప్పుడు ఆ పుస్తకం, నీ తొమ్మిదో తరగతి టెక్స్ట్‌బుక్ రెండూ తెచ్చుకో. మూడో భాగం ఖాళీగా ఉన్నచోటల్లా ఏ పాఠం పెట్టొచ్చో ఇద్దరం కూర్చుని చూద్దాం. మీ నాన్నకి మందులు మానొద్దన్నానని చెప్పు. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ అత్తయ్య